మొద్దుబారిన పాదం మాట వినండి
నరాలు, నొప్పి, స్పర్శ: అపోహలు – వాస్తవాలు

గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తన చేలల్లో పొద్దున్నుంచీ క్రాసింగ్ చేసే ఆడవాళ్లు, వనపర్తి మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాలు మోసే హమాలీలు, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి దూరాభారం పనికి పోయే వలసకూలీలు... ఎవరి పాదాలు తిమ్మిరెక్కినా వినిపించే మాట ఒక్కటే: ‘నరాల బలహీనత’. ఒక సూది మందు వేయించుకుంటారు, మర్నాడు మళ్లీ పనిలోకి దిగుతారు. ఆ ఒక్క మాట చాటున షుగరు, కుష్ఠు, బీ12 లోపం నెలల తరబడి దాక్కుంటాయి. నరం ఎలా బతుకుతుందో, నొప్పి ఎందుకు పుడుతుందో తెలిస్తే ఈ ఆలస్యం తగ్గుతుంది.

అపోహ 1: నరాలన్నీ ఒకటే.

వాస్తవం: ఇది మన మాటలోనే ఉన్న చిక్కు. సెలైన్ ఎక్కించేటప్పుడు ‘నరం దొరకడం లేదు’ అంటాం. అది రక్తనాళం. పిక్కల మీద ఉబ్బి మెలికలు తిరిగి కనిపించేవీ రక్తనాళాలే. తిమ్మిరి, మంట, మొద్దుబారడం తెలిపేది వేరే నరం. దాన్ని నాడి అంటారు. పాదంలో స్పర్శను చేరవేసే నాడీకణం అసలు ఒళ్లు నడుము దగ్గర, వెన్నుపాము పక్కన ఉంటుంది. దాని తీగ అక్కడి నుంచి బొటనవేలి దాకా, అంటే సుమారు మీటరు పొడవున సాగుతుంది. షుగరు వల్ల నాడులు దెబ్బతిన్నప్పుడు తిమ్మిరి ముందుగా పాదాల్లోనే మొదలవడానికి ఈ పొడవే ముఖ్య కారణం.

అపోహ 2: బలం మందు ఒంట్లోకి వెళ్తే నరం దానంతట అదే కోలుకుంటుంది.

వాస్తవం: మందు ఒంట్లో ఉంటే సరిపోదు, దాన్ని అందుకునే చెయ్యి కణానికి ఉండాలి. నాడులకు ప్రాణాధారమైన ప్రోటీన్ ఒకటుంది. దాని పేరు నాడీ పెరుగుదల కారకం, పొట్టిగా ఎన్‌జీఎఫ్. 1950లలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రీటా లెవి మోంటాల్చిని, స్టాన్లీ కోహెన్ దీన్ని వెలికితీశారు. వేరే పరీక్ష కోసం కలిపిన పాము విషంలో ఇది దండిగా ఉందని అనుకోకుండా తేలింది. తర్వాత ఎలుక లాలాజల గ్రంథుల్లోనూ దొరికింది. ఈ కృషికి 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

చర్మం ఎన్‌జీఎఫ్‌ను తయారుచేస్తుంది. నాడి చివర ఉండే ‘ట్రాక్-ఏ’ అనే గ్రాహకం, అంటే రిసెప్టర్, దాన్ని పట్టుకుంటుంది. ఆ రెండూ చిన్న సంచిలో కలిసి తీగ పొడవునా ప్రయాణించి కణం ఒంటికి చేరి ‘బతుకు’ అని కబురిస్తాయి. షుగరు వల్ల దెబ్బతిన్న నాడులకు ఎన్‌జీఎఫ్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చి చూశారు. 1,019 మందితో చేసిన ఆ పెద్ద పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. ఆశించిన మేలు కనిపించలేదు. కంటి కార్నియా నాడులు దెబ్బతిన్నవారికి మాత్రం ఎన్‌జీఎఫ్ చుక్కల మందు పనిచేసింది. 2018లో అమెరికా దానికి అనుమతిచ్చింది.

ఇక బీ-కాంప్లెక్స్ సూది సంగతి. బీ12 నిజంగా లోపిస్తే అది అవసరమైన మందే. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గవచ్చు. లోపం ఉందో లేదో చూడకుండా వేయించుకునే సూది అసలు జబ్బును కప్పిపెడుతుంది. బీ6 మోతాదు మించి చాలాకాలం వాడితే అదే నాడులను దెబ్బతీస్తుంది.

అపోహ 3: ఎన్‌జీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకాల పని నరాలను పెంచడమే.

వాస్తవం: ‘పీ75’ అనే రెండో గ్రాహకం కూడా ఉంది. ట్రాక్-ఏ తోడుంటే అది నాడి బతకడానికి సాయపడుతుంది. పూర్తిగా తయారుకాని ఎన్‌జీఎఫ్ వచ్చి అతుక్కుంటే మాత్రం కణాన్ని చావు వైపు నడుపుతుంది. ఇదేమీ లోపం కాదు. తల్లి కడుపులో బిడ్డకు నాడీకణాలు అవసరానికి మించి పుడతాయి. సరిగ్గా చేరవలసిన చోటికి చేరినవే మిగలాలి. వరి నారు పలచన చేసినట్టే ఇదీను. పెరుగుదల అదుపు తప్పినా ముప్పే: ట్రాక్-ఏ జన్యువు తెగి మరో జన్యువుతో అతుక్కుంటే కొన్ని క్యాన్సర్లు పుడతాయి. వాటికి వాడే లారోట్రెక్టినిబ్ మందుకు 2018లో అమెరికా అనుమతి దొరికింది.

అపోహ 4: నొప్పి తెలియకపోతే అదృష్టమే.

వాస్తవం: ట్రాక్-ఏ గ్రాహకం పనిచేయకుండా పుట్టే పిల్లలున్నారు. ఈ జబ్బుకు మూలం ఆ జన్యువేనని 1996లో జపాన్ పరిశోధకులు తేల్చారు. ఈ పిల్లలకు నొప్పి తెలియదు. పాలపళ్లు వచ్చేసరికి నాలుక, వేళ్లు కొరుక్కుంటారు. ఎముక విరిగినా దాని మీదే నడుస్తారు. చెమట కూడా పట్టదు. పాలమూరు ఎండలాంటి ఎండలో ఒంటి వేడి దిగక ప్రాణం మీదికి వస్తుంది.

ఇది చాలా అరుదైన జబ్బు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యులోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. దగ్గరి చుట్టరికంలో పెళ్లి అనుకునేవారు, ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవారు ముందే జన్యు సలహా తీసుకోవడం మంచిది.

అపోహ 5: స్పర్శ లేని మచ్చ పాపఫలం, శాపం.

వాస్తవం: అది కుష్ఠు కావచ్చు. కుష్ఠు ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు. ఆ క్రిమి నాడిని చుట్టి ఉండే కణాల్లో కాపురం పెడుతుంది. కుష్ఠు సోకినచోట ఎన్‌జీఎఫ్ తరిగిపోతుందని 1994లోనే పరిశోధకులు చూపించారు. పాలిపోయిన, లేదా ఎర్రబారిన మచ్చ మీద దూది తగిలినా తెలియకపోతే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. జబ్బు తీవ్రతను బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యం చేస్తే మాత్రం పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. ఆ మనిషిని వెలివేయడానికి ఏ కారణమూ లేదు.

అపోహ 6: నొప్పి పుట్టించేదాన్ని ఆపేస్తే మోకాళ్లు బాగుపడతాయి.

వాస్తవం: వాచిన కీలులో ఎన్‌జీఎఫ్ పెరుగుతుంది, ట్రాక్-ఏ ద్వారా నొప్పి నాడులను రెచ్చగొడుతుంది. మిరపకాయ మంటను పసిగట్టే గ్రాహకాన్ని కూడా ఇదే మరింత సున్నితం చేస్తుంది. అందుకని ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే టానెజుమాబ్ అనే మందు తయారుచేశారు. నొప్పి తగ్గింది. కానీ వాడినవారిలో కొందరికి కీలు శరవేగంగా అరిగిపోయింది. 2021 మార్చిలో అమెరికా నిపుణుల కమిటీలో మేలే ఎక్కువన్నవారు ఒక్కరు, కాదన్నవారు 19 మంది. అదే ఏడాది తయారీ సంస్థలు ఆ మందును వదిలేశాయి.

ఇప్పుడు చేయవలసింది

షుగరున్నవారు రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. కంటికి ఆనకపోతే ఇంట్లో పిల్లలను చూడమనండి. చెప్పుల్లేకుండా చేనులోకి దిగకండి. చెప్పు తొడిగేముందు లోపల రాయి, ముల్లు ఉందేమో తడిమి చూడండి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. పరీక్ష కోసం హైదరాబాదు బస్సెక్కే ముందు అక్కడికి వెళ్లండి. వెళ్లాక బలం సూది అడగకండి. “నా పాదంలో స్పర్శ ఉందో లేదో చూడండి” అని అడగండి.