వేళ తప్పిన ఫ్రేము

కంప్యూటరు తెరమీద కదలికగా కనిపించేది నిజానికి నిశ్చల చిత్రాల వరుస. సెకనుకు 60 మార్లు తాజాపడే తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకూ కొత్త చిత్రం కోసం చూస్తుంది, ఆ వేళకు అది అందకపోతే పాతదాన్నే మళ్లీ చూపుతుంది, ఆ పునరావృత్తే కంటికి తడబాటుగా తోస్తుంది. కాబట్టి లినక్స్ డెస్క్‌టాప్‌లో వీడియో ఆగి ఆగి సాగుతున్నదంటే, చాలామార్లు ఆ చిత్రాన్ని, అంటే ఫ్రేమును, తయారుచేసి తెరకు చేర్చే గొలుసులో ఏదో ఒక అంచె గడువు తప్పిందన్నమాట. ఆ అంచెలు ఒకే చేతి పనితనం కావు. యాభై ఏళ్లలో వేర్వేరు చోట్ల, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. వాటి పుట్టుక తెలిస్తే లోపం ఎక్కడుందో వెదకడం సులువవుతుంది.

మొదటి అంచె గణితం. అడ్డంగా 1920, నిలువుగా 1080 బిందువులున్న ఫ్రేములో ఒక్కో బిందువుకు మూడు బైట్ల చొప్పున రాస్తే, సెకనుకు 30 ఫ్రేములకు 18 కోట్ల 66 లక్షల బైట్లవుతాయి. ఆ లెక్కన రెండు గంటల సినిమా 1,300 గిగాబైట్లు దాటుతుంది. ఈ బరువు దించే మార్గం చూపినది 1974 జనవరిలో ఇంజనీర్ల సంఘం ఐట్రిపుల్‌ఈ వారి కంప్యూటర్ల పత్రికలో అచ్చయిన నాలుగు పేజీల వ్యాసం. దాన్ని రాసినవారు ముగ్గురు: బెంగళూరులో పుట్టి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తుండిన నసీర్ అహ్మద్, ఆయన విద్యార్థి టి. నటరాజన్, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.ఆర్. రావు. ఈ మూడవ రచయిత గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన కామిశెట్టి రామమోహనరావు. 1966 నుంచి దశాబ్దాలపాటు ఆర్లింగ్టన్‌లో బోధించి 2021లో కన్నుమూసిన ఈయన పేరు తెలుగు పాఠకులకు ఇంకా ఎంతో బాగా తెలియవలసినది. 1972లో అహ్మద్ ఈ వ్యాసంలోని ఆలోచనకే ఆర్థిక సాయం కోరితే అమెరికా జాతీయ విజ్ఞాన ఫౌండేషను నిరాకరించింది.

డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని పిలిచే ఈ పద్ధతిలో చిత్రాన్ని ఎనిమిదికి ఎనిమిది బిందువుల గళ్లుగా విడదీసి, ప్రతి గడిలోని 64 విలువలను మెల్లగా మారే అలలు, వేగంగా మారే అలల మొత్తంగా తిరగరాస్తారు. సన్నని అలల తేడాలను కన్ను అంతగా పట్టించుకోదు కనుక వాటిని కుదించినా బొమ్మ చెడదు. 1988 నాటి హెచ్.261 వీడియో ప్రమాణం మొదలు, 2003లో వచ్చిన హెచ్.264 దాకా ఈ సూత్రమే వెన్నెముక. దీనికి తోడు ఒక ఫ్రేముకూ మరొకదానికీ మధ్య మారిన భాగాన్ని మాత్రమే పంపే ఉపాయం చేరింది. ఇలా ముడిచిన దాన్ని మళ్లీ విప్పే పనిని, అంటే డీకోడింగును, ప్రతి ఫ్రేముకూ గడువులోపల ముగించాలి.

విప్పడానికి ముందు సరుకు చేతికి అందాలి. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో కరిగిన ఉక్కును తెచ్చే ల్యాడిల్‌కూ, దాన్ని పోతపోసే అచ్చుకూ నడుమ టండిష్ అనే తొట్టి ఉంటుంది. ఒక ల్యాడిల్ ఖాళీ అయి మరొకటి వచ్చేలోగా తొట్టిలోని నిల్వతోనే పోత తెగకుండా సాగుతుంది. వీడియోకు బఫర్ అలాంటిది. నెట్ ఒడిదుడుకులను అది మింగుకుంటుంది, అది అడుగంటితేనే బొమ్మ నిలిచిపోతుంది. అందుచేత తనిఖీలో మొదటి మెట్టు అదే వీడియోను డిస్కులోకి దించుకొని చూడడం: అప్పుడూ తడబడితే తప్పు నెట్‌ది కాదు.

అసలు చిక్కు ఎక్కువగా డీకోడింగులోనే ఉంటుంది. ఈ పనికి గ్రాఫిక్స్ చిప్పులో ప్రత్యేక సర్క్యూటు ఉంటుంది. ప్రాసెసరు ఆపసోపాలు పడే పనిని అది తక్కువ కరెంటుతో చేస్తుంది. లినక్స్ నుంచి ఆ సర్క్యూటును పిలవడానికి ఇంటెల్ 2007లో విఏ-ఏపీఐని, ఎన్విడియా 2008లో వీడీపీఏయూను తెచ్చాయి. కానీ చిప్పు తాను పుట్టిన నాటి ముడులనే విప్పగలదు: ఇంటెల్ చిప్పుల్లో వీపీ9 అనే ముడికి పూర్తి తోడ్పాటు ఏడవ తరంతో, ఏవీ1 అనే ముడికి 2020 నాటి పదకొండవ తరంతో వచ్చింది. విశాఖ గాజువాకలోని ఒక ఇంట్లో పాత డెస్క్‌టాప్‌కు ఏవీ1 వీడియో వస్తే ప్రాసెసరే దాన్ని విప్పాలి, పెద్ద ఫ్రేములైతే గడువు తప్పుతుంది. విఏఇన్ఫో అనే ఆదేశం చిప్పుకు తెలిసిన ముడుల పేర్లు చూపుతుంది. ఎంపీవీ ప్లేయరులో ‘ఐ’ మీట నొక్కితే హార్డ్‌వేర్ డీకోడింగు నడుస్తున్నదా, ఎన్ని ఫ్రేములు జారిపోయాయి అన్నవి తెరమీదే కనిపిస్తాయి. అక్కడ లోపం తేలితే బ్రౌజరుకు హెచ్.264నే ఇచ్చేలా చేసే పొడిగింపు పెట్టుకోవడం పాత యంత్రానికి ఉత్తమ చికిత్స. కొన్నిచోట్ల చిప్పుకు శక్తి ఉన్నా సాఫ్ట్‌వేర్ తలుపు మూసివుంటుంది: ఫెడోరా అనే లినక్స్ పంపిణీ 2022లో పేటెంట్ల భయంతో మెసా అనే గ్రాఫిక్స్ డ్రైవర్ల నుంచి హెచ్.264, హెచ్.265 తోడ్పాటును తీసివేసింది, వాటిని ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే వేరే భాండాగారం నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఫైర్‌ఫాక్స్ ఇంటెల్ చిప్పుల కోసం ఈ తలుపును లినక్స్‌లో దానంతటదే తెరవడం 2023 నాటి 115వ కూర్పుతోనే మొదలైంది.

పది నిమిషాలు బాగా నడిచి తరువాత తడబడే యంత్రం సంగతి వేరు. బొగ్గు, ఖనిజం దిగే ఓడరేవు పక్కన గాలిలో ఉండే నల్లని పొడి ఫ్యాను వెనుక లోహపు రెక్కల మధ్య పేరుకుంటే వేడి బయటికి పోదు; ప్రాసెసరు వంద డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. సెన్సర్స్ అనే ఆదేశంతో ఉష్ణోగ్రత చూస్తే ఇది తేలుతుంది; దీనికి మందు బ్రష్షుతో తుడవడం, గాలి ఊదడం.

ఏ ఫ్రేమూ జారకపోయినా కదలిక కుంటినట్లు కనిపించే సందర్భం మరొకటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములది, తెర 60 మార్లది. 60ని 24 నిశ్శేషంగా భాగించదు కనుక ఒక ఫ్రేము మూడుమార్లు, మరుసటిది రెండుమార్లు చూపబడుతుంది, అంటే ఒకటి 50 మిల్లీసెకన్లు, మరొకటి 33 మిల్లీసెకన్లు నిలుస్తాయి. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యంలో, బీచ్‌రోడ్డు వెంట సాగే షాట్‌లాంటి చోట, ఈ అసమానత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. దీనికి ప్రాసెసరును మార్చినా ఫలితముండదు. డిస్‌ప్లే సెట్టింగుల్లో తెర వేగాన్ని 48, 72 లేదా 120 హెర్ట్జ్‌కు మార్చగలిగితే ప్రతి ఫ్రేమూ సమానకాలం నిలుస్తుంది. తెర అందుకు ఒప్పుకోని చోట ఎంపీవీలోని ఇంటర్‌పొలేషన్ సదుపాయం పక్కపక్క ఫ్రేములను కలిపి ఆ కుంటుదనాన్ని చాలావరకు కప్పుతుంది.