ఆయకట్టు ప్రాంత పెరటి తోటలలో తంగేడు పెంపకం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాలు ప్రధానంగా వరి ఆయకట్టుగా రూపొందాయి. చెలకలు, బీళ్ళు, దొడ్డు గట్లు తంగేడుకు సహజ ఆవాసాలు. చెలకలు మడులుగా మారి, గట్లు సన్నబడి, వాటిపై కలుపు మందులు పిచికారీ చేస్తున్న చోట ఈ మొక్కకు నిలువ నీడ లేదు. భాద్రపద అమావాస్య నుండి తొమ్మిది రోజులు జరిగే బతుకమ్మకు గునుగుతో పాటు తంగేడు పువ్వు తప్పనిసరి. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. ఈ నేపథ్యంలో పెరటి పెంపకం ప్రాధాన్యం సంతరించుకుంటున్నది. అయితే బంతి, చామంతులకు చేసే సిఫారసులను యథాతథంగా దీనికి వర్తింపజేయరాదు.

మొక్క స్వభావం

తంగేడు (సెన్నా ఆరిక్యులేటా) బహువార్షిక పొద. లోతుకు దిగే తల్లివేరు దీని కరువు సహనానికి మూలం. అడవి నుండి పెరికి తెచ్చిన మొక్కలు సాధారణంగా బతకకపోవడానికీ కారణం అదే. పెరికినప్పుడు తల్లివేరు తెగిపోతుంది. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినదే అయినా వేరు బుడిపెలను ఏర్పరచదు. కనుక నేలలో నత్రజనిని స్థిరీకరిస్తుందని రైతులకు చెప్పడం సరికాదు. దీని రొట్టను వరి మడులలో పచ్చి ఆకు ఎరువుగా వేసే ఆచారం వేరు విషయం; అక్కడ అందే నత్రజని ఆ మొక్క నేల నుండి గ్రహించినదే.

విత్తనం, నాటడం

గట్టి పైపొర వలన విత్తనంలోకి నీరు సులభంగా చొరబడదు. మరిగించి పొయ్యి నుండి దించిన నీటిలో విత్తనాలను వేసి, ఆ నీరు చల్లారే వరకు రాత్రంతా ఉంచాలి. ఉబ్బిన వాటిని వెంటనే విత్తి, ఉబ్బని వాటికి గరుకు కాగితంతో పైపొరను కొద్దిగా గీరి మళ్ళీ నానబెట్టాలి. పాలిథిన్ సంచులలో పెంచిన నారును, తల్లివేరు సంచి అడుగున చుట్టుకోకముందే, తొలకరి వర్షాలకు నాటాలి.

రోజంతా ఎండ తగిలే చోటును ఎంచుకోవాలి. ఎర్ర చెలక నేలలో ప్రత్యేక ఏర్పాట్లు అవసరం లేదు. నల్లరేగడిలోను, కాలువ ఊట ఉన్న చోట్లలోను ఒక అడుగు ఎత్తు దిబ్బ చేసి, దానిపై నాటడం శ్రేయస్కరం. ఆయకట్టు గ్రామాలలో ఈ మొక్కకు నీటి ఎద్దడి కన్నా నీటి నిల్వే పెద్ద ముప్పు.

నిర్వహణ

మొదటి ఏడాది వర్షాలు లేని రోజులలో మాత్రమే తడి ఇవ్వాలి. వేరు కుదురుకున్న తరువాత వర్షాధారమే చాలు. నత్రజని ఎరువులు అధికమైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. పూలు కొమ్మల చివరి భాగంలో వస్తాయి. అందువలన తొలకరికి ముందు కొమ్మలను కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు ఎక్కువై పూగుత్తులూ పెరుగుతాయి.

పరాగ సంపర్కం

తంగేడు పువ్వులో మకరందం ఉండదు. కీటకానికి దక్కేది పుప్పొడి మాత్రమే. ఆ పుప్పొడి పరాగకోశం చివరి రంధ్రం గుండా బయటపడాలంటే పువ్వు కంపించాలి. గండు తుమ్మెదలు పువ్వును పట్టుకొని రెక్కల కండరాలను అదరగొట్టి ఈ పని చేస్తాయి. ఈ తుమ్మెదలు ఎండు కర్రలో తొలిచిన రంధ్రాలలో గూడు పెడతాయి కనుక పెరట్లో ఒకటి రెండు ఎండు దుంగలు ఉంచడం మేలు. ఆకులను తినే పచ్చని గొంగళి పురుగులు చాలా వరకు పసుపు, తెలుపు సీతాకోకచిలుకల పిల్లదశలు. ఆకు మళ్ళీ చిగురిస్తుంది. పురుగు మందు వాడితే తుమ్మెదలకే నష్టం.

విస్తరణ సిబ్బందికి సూచన

పండుగకు కొమ్మలను మొదలంటా విరిస్తే ఆ ఏడు కాయ ఉండదు. కాయ లేనిదే కొత్త మొక్క రాదు. పూగుత్తులను మాత్రమే కోసి, ప్రతి పొదపై కొన్ని కొమ్మలను కాయకు వదిలేలా గ్రామీణ మహిళా సంఘాలకు, పాఠశాలలకు అవగాహన కల్పించాలి. ఎండిన కాయలను శీతాకాలంలో సేకరించి ఆ గ్రామపు విత్తనాన్ని ఆ గ్రామంలోనే విత్తుకోవడం ఖర్చు లేని సంరక్షణ పద్ధతి. గట్టు మీద కలుపు మందు చల్లే ముందు అక్కడ మిగిలిన తంగేడు పొదను గుర్తించి వదిలేయడం అందులో తొలి మెట్టు.