ఇంట్లో కంప్యూటర్‌కి పట్టిన చెత్త సాఫ్ట్‌వేర్‌ని వదిలించుకోవడం ఎలా?

 

మన పనులన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి కాబట్టి ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని మనం పెద్దగా పట్టించుకోం. కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, రెజ్యూమే టైప్ చేయాలన్నా అప్పుడు గుర్తొస్తుంది. తీరా ఆన్ చేస్తే పది నిమిషాలకి గానీ డెస్క్‌టాప్ రాదు. బ్రౌజర్ ఓపెన్ చేస్తే గూగుల్ బదులు ఏదో తెలియని సెర్చ్ పేజీ వస్తుంది. కింద కుడిపక్క మూలలో "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని డబ్బాలు లేస్తుంటాయి. అదే కంప్యూటర్‌లో నాన్న బ్యాంకు లాగిన్ చేస్తారు, అమ్మ కరెంటు బిల్లు కడుతుంది. అందుకే ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఈ చెత్త ఎలా వస్తుందో, ఎలా తీసేయాలో, మళ్లీ రాకుండా ఏం చేయాలో వరుసగా చెప్తాను. నేను చూపించేది విండోస్ 11లో. విండోస్ 10లో పేర్లు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి, అంతే.

ముందు ఒక తేడా అర్థం చేసుకుందాం. మనం వైరస్ అనుకునేవన్నీ వైరస్‌లు కావు. వీటిలో చాలావాటిని పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ ప్రోగ్రామ్స్ అంటారు. అంటే మనకి అక్కర్లేకపోయినా మనతో "ఓకే" అనిపించుకుని లోపలికి వచ్చేవి. టూల్‌బార్లు, "పీసీ స్పీడ్ పెంచుతాం" అనే క్లీనర్లు, "డ్రైవర్లు అప్‌డేట్ చేస్తాం" అనేవి, కూపన్ ఎక్స్‌టెన్షన్లు, ఇవన్నీ ఈ జాబితాలోవే. తాళం పగలగొట్టి వచ్చేవాడు వైరస్ అయితే, పెళ్లివాళ్లతో కలిసి లోపలికొచ్చి పిలవని పేరంటంలో కూర్చునే రకం ఇది.

మరి ఎలా వస్తాయి? మీకు ఒక ఫ్రీ వీడియో ప్లేయర్ కావాలి. గూగుల్‌లో వెతికి, పైన యాడ్‌గా వచ్చిన సైట్‌లోకి వెళ్తారు. అక్కడ పచ్చగా పెద్ద డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మధ్యలో ఒక పేజీలో చిన్న టిక్కు ముందే పెట్టి ఉంటుంది, "ఈ సెర్చ్ టూల్ కూడా ఇన్‌స్టాల్ చేయి" అని. మనం చదవం. ఒక్కో ఇన్‌స్టాల్‌కి ఇంత అని ఆ సైట్ వాళ్లకి డబ్బు వస్తుంది. ఫ్రీ అన్నదాని వెనక నడిచే వ్యాపారం ఇదన్నమాట.

ఇది ఊరూపేరూ లేని సైట్లే చేస్తాయనుకోకండి. జావా ఇన్‌స్టాలర్‌తో పాటు ఆస్క్ టూల్‌బార్ ఏళ్ల తరబడి వచ్చేది, టిక్కు కూడా ముందే పెట్టి ఉండేది. సోర్స్‌ఫోర్జ్ అనే పేరున్న డౌన్‌లోడ్ సైట్‌లో తప్పుదారి పట్టించే యాడ్లు, అదనపు ఆఫర్లు కలిపిన ఇన్‌స్టాలర్లు వస్తున్నాయని, 2013లో జింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ టీమ్ అక్కడి నుంచి బయటికి వచ్చేసింది. 2016లో యాజమాన్యం మారాక సోర్స్‌ఫోర్జ్ ఆ పద్ధతి ఆపేసింది.

ఇంకోటి వినండి. 2014 చివర్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే యాడ్ సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీలోనే వేసి ఇచ్చారు. అది వెబ్ పేజీల్లో యాడ్లు చొప్పించడం కోసం, కంప్యూటర్‌కీ సైట్‌కీ మధ్య ఉండే తాళం గుర్తు కనెక్షన్‌లో కూడా దూరేది. దానికి వాడిన రహస్య కీ అన్ని ల్యాప్‌టాప్‌లలో ఒకటే. అంటే అది తెలిసినవాడు ఎవరైనా దొంగ బ్యాంకు సైట్ పెట్టి, అసలుదే అని ఆ కంప్యూటర్‌ని నమ్మించగలడు. 2015 ఫిబ్రవరిలో ఈ సంగతి బయటపడింది. లెనోవో దాన్ని తీసేసే టూల్ విడుదల చేసింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సెటిల్‌మెంట్ కూడా చేసుకుంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, అలాంటిదే ఇది. వచ్చింది "యాడ్లే కదా" అని ఎందుకు వదిలేయకూడదో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఓకే, ఇప్పుడు క్లీనింగ్‌కి వద్దాం. మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఒకటి, పని పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాంకు గానీ మెయిల్ గానీ లాగిన్ అవ్వకండి. రెండు, ముఖ్యమైన ఫోటోలు, సర్టిఫికెట్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఫైళ్లు మాత్రమే, ఇన్‌స్టాలర్లు వద్దు.

స్టెప్ 1. నోటిఫికేషన్లు. మూలలో లేచే ఆ "5 వైరస్‌లు" డబ్బాలు చాలాసార్లు సాఫ్ట్‌వేర్ కాదు, ఏదో ఒక సైట్‌కి మనమే ఇచ్చిన పర్మిషన్. "మీరు రోబోట్ కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని ఉంటుంది, సినిమా కోసం తొందరలో నొక్కేస్తాం. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్లండి. అలో లిస్టులో తెలియని సైట్లు ఏవున్నా రిమూవ్ చేయండి. కొంతమందికి సమస్య ఇక్కడే తీరిపోతుంది. ఫోన్‌లో క్రోమ్‌కి కూడా ఇదే లిస్టు ఉంటుంది, అదీ ఒకసారి చూసుకోండి.

స్టెప్ 2. అన్‌ఇన్‌స్టాల్. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. లిస్టు పైన "సార్ట్" దగ్గర ఇన్‌స్టాల్ అయిన తేదీ ప్రకారం పెట్టండి. సమస్య ఏ వారం మొదలైందో గుర్తుంటే, ఆ వారంలో వచ్చినవన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఒకే రోజు నాలుగైదు వచ్చాయంటే కచ్చితంగా అనుమానించాల్సిందే. కానీ ఒక్క మాట, పేరు అర్థం కాలేదని అన్నీ తీసేయకండి. విజువల్ సీ ప్లస్ ప్లస్ అని ఉండేవి, గ్రాఫిక్స్, ఆడియో డ్రైవర్లు మీకు అవసరం. అనుమానం ఉంటే పేరు ఫోన్‌లో వెతికి చూసి అప్పుడు తీయండి. తీసేటప్పుడు "నిజంగా వెళ్లిపోతున్నారా? 50 శాతం డిస్కౌంట్ ఇస్తాం" అని బతిమాలుతాయి. బటన్లు తారుమారు చేసి పెడతాయి. నింపాదిగా చదివి నొక్కండి.

స్టెప్ 3. బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరవండి. మీరు వాడనివన్నీ తీసేయండి. మంచి ఎక్స్‌టెన్షన్ కూడా చేతులు మారితే చెడిపోవచ్చు. ద గ్రేట్ సస్పెండర్ అని ఒకటి ఉండేది, 20 లక్షల మందికి పైగా వాడారు. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకి అప్పగించాడు. 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. వాడేవాళ్లు ఏమీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయలేదు, అదే అప్‌డేట్ అయి మారిపోయింది.

తర్వాత బ్రౌజర్ సెట్టింగ్స్‌లో "రీసెట్ సెట్టింగ్స్" నొక్కండి. బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు పోవు, భయం వద్దు. హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్ మొదటికి వస్తాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. అయినా ఆ పాత సెర్చ్ పేజీయే వస్తోందా? డెస్క్‌టాప్ మీద క్రోమ్ షార్ట్‌కట్‌ని రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. టార్గెట్ గడిలో ప్రోగ్రామ్ పేరు తర్వాత ఏదో వెబ్ అడ్రస్ అతికించి ఉంటే, ఆ షార్ట్‌కట్ తీసేసి కొత్తది పెట్టుకోండి. ఇంకోటి, ఇంట్లో కంప్యూటర్ అయ్యుండి క్రోమ్ మెనూలో "మీ ఆర్గనైజేషన్ మేనేజ్ చేస్తోంది" అని కనిపిస్తే, ఎక్స్‌టెన్షన్‌ని తీయనివ్వకుండా ఏదో ప్రోగ్రామ్ రూల్ పెట్టి ఉండొచ్చు. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా అలా వస్తుంది. అది వేయనివాళ్లు మాత్రం తర్వాతి స్టెప్ తప్పకుండా చేయాలి.

స్టెప్ 4. స్కాన్. విండోస్ సెక్యూరిటీ ఓపెన్ చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కి వెళ్లండి. ముందు ఫుల్ స్కాన్ పెట్టండి, గంటా రెండు గంటలు పట్టినా పట్టనివ్వండి. తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇందులో కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. విండోస్ లేచాక దాక్కునేవి దీనికి దొరుకుతాయి. దీంతో పాటు మాల్‌వేర్‌బైట్స్ వాళ్ల యాడ్‌డబ్ల్యూక్లీనర్ అని ఒక ఫ్రీ టూల్ ఉంది, యాడ్‌వేర్‌కి బాగా పనిచేస్తుంది. కానీ వాళ్ల సొంత సైట్ నుంచే తీసుకోండి. చెత్త తీసే టూల్ పేరుతో చెత్త వేసే సైట్లు బోలెడు ఉన్నాయి.

స్టెప్ 5. స్టార్టప్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. కంప్యూటర్ ఆన్ అవ్వడానికి పట్టే టైం ఇక్కడ బాగా తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా రెండు రోజుల్లో మళ్లీ వస్తోందా? అప్పుడు మొహమాటం లేకుండా రీసెట్‌కి వెళ్లండి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ. మీ ఫైళ్లు ఉంచుకునే ఆప్షన్ ఉంటుంది, ప్రోగ్రాములు మాత్రం పోతాయి. అందుకే ముందు కాపీ పెట్టుకోమన్నాను.

చివరగా పాస్‌వర్డ్‌లు. ఇవి మీ ఫోన్ నుంచి మార్చండి, కంప్యూటర్ నుంచి కాదు. గూగుల్ అకౌంట్‌లో "యువర్ డివైసెస్" చూసి, తెలియని చోట్ల నుంచి సైన్ అవుట్ కొట్టండి. పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, బ్రౌజర్‌లో ఉండే లాగిన్‌నే ఎత్తుకెళ్లే రకాలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైనది. బ్రౌజర్ నిండా ఎర్ర స్క్రీన్ వచ్చి, బీప్ బీప్ అని మోగుతూ "కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అంటుంది. అది ఒక మామూలు వెబ్ పేజీ, అంతే. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు, ఇది గుర్తుపెట్టుకుంటే చాలు. ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, లేదా టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌కి ఎండ్ టాస్క్ కొట్టండి. ఆ నంబర్‌కి చేస్తే రిమోట్ యాప్ వేయిస్తారు, మన స్క్రీన్ వాళ్ల చేతుల్లోకి పోతుంది, తర్వాత బ్యాంకు ఓపెన్ చేయమంటారు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది తప్పకుండా చెప్పండి, ఎందుకంటే వాళ్లు మర్యాదగా మాట్లాడే గొంతుని తొందరగా నమ్ముతారు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి కూడా చెప్పాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టొద్దు. అమ్మానాన్నల్ని తిట్టకండి కూడా, తిడితే ఇంకోసారి మనకి చెప్పరు.

ఇక మళ్లీ రాకుండా ఏం చేయాలి? నాలుగే నాలుగు.

మొదటిది, సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ తయారుచేసినవాళ్ల సైట్ నుంచి లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తీసుకోండి. వీఎల్‌సీ కావాలంటే వీడియోల్యాన్ డాట్ ఆర్గ్. ఇన్‌స్టాల్‌లో "కస్టమ్" ఎంచుకుని ప్రతి పేజీ చదవండి.

రెండోది, క్రాక్‌లు వద్దు. క్రాక్ వేసేటప్పుడు "యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అంటారు. ఇంటికి తాళం వేయకుండా వెళ్లండి అని దొంగ చెప్పినట్టు ఉంటుంది అది. 2021 జూన్‌లో అవాస్ట్ కంపెనీ క్రాకోనోష్ అనే మాల్‌వేర్ గురించి బయటపెట్టింది. క్రాక్ చేసిన గేమ్స్‌లో వచ్చి, డిఫెండర్‌ని, విండోస్ అప్‌డేట్‌ని ఆపేసి, మన కరెంటుతో వాళ్లకి మొనేరో అనే క్రిప్టో తవ్విపెట్టేది. కంప్యూటర్ ఊరికే ఉన్నా ఫ్యాన్ గోల చేస్తోందంటే ఇలాంటిది ఉందేమో చూడాలి.

మూడోది, విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్. అక్కడ "పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్" ఆన్‌లో ఉందా చూసుకోండి. మనం ఇందాక మాట్లాడుకున్న చెత్తని ఆపడానికే ఇది ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి 11కి వెళ్లగలిగితే వెళ్లండి.

నాలుగోది, ఇంట్లో రోజూ వాడే అకౌంట్ స్టాండర్డ్ యూజర్‌గా పెట్టండి, అడ్మిన్ అకౌంట్ వేరేగా ఉంచండి. తమ్ముడు ఏదో గేమ్ ఇన్‌స్టాల్ చేయబోతే పాస్‌వర్డ్ అడుగుతుంది, మీ దగ్గరికి వస్తాడు, మీరు చూసి చెప్తారు. అన్నిటినీ ఆపదు గానీ చాలావాటిని గుమ్మం దగ్గరే ఆపుతుంది.

మొత్తం కలిపి ఒక ఆదివారం పూట పని, స్కాన్ నడుస్తుంటే భోజనం చేసి రావచ్చు. ఏ స్టెప్ దగ్గర ఆగిపోయారో రాస్తే దాని మీద ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఇది మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టండి, ముఖ్యంగా ఆ ఎర్ర స్క్రీన్ సంగతి.