చెపాక్ మహల్: కట్టడం ఒక ఎత్తు, కాపాడుకోవడం ఒక ఎత్తు



చెన్నై వెళ్లినవారు మెరీనా బీచ్ ఎదుట ఎర్రటి గోడలు, గుమ్మటాలు ఉన్న పెద్ద కట్టడాన్ని చూసే ఉంటారు. అది ఆర్కాటు నవాబుల చెపాక్ మహల్. ఒకప్పుడు మన పొరుగున ఉన్న ఒంగోలు, నెల్లూరు సీమలు కూడా ఆ నవాబుల ఏలుబడిలోనివే. 1801లో అవి కంపెనీ చేతికి వెళ్లాయి.

నవాబు ముహమ్మద్ అలీ వాలాజా 1768లో ఈ మహల్ కట్టించారు. ఇందులో రెండు భాగాలున్నాయి: ఖల్సా మహల్, హుమాయూన్ మహల్. కట్టింది పాల్ బెన్‌ఫీల్డ్ అంటారు. నవాబుకు పెద్ద మొత్తాల్లో అప్పులిచ్చిన వారిలో ఆయన కూడా ఒకడు. ఆ అప్పులు తరతరాలు వెంటాడాయి. 1855లో నవాబు గులాం గౌస్ ఖాన్ సంతానం లేకుండా మరణించగా కంపెనీ నవాబు పదవినే రద్దు చేసింది. మహల్ వేలానికి వచ్చింది, ప్రభుత్వమే కొనుక్కుంది. తర్వాత రాబర్ట్ చిజమ్ రెండు భాగాల నడుమ ఎత్తైన బురుజు కట్టించాడు. దర్బారు నడిచిన చోట ఆఫీసులు వెలిశాయి.

అదే వాలాజా కుటుంబం 1795లో ట్రిప్లికేన్‌లో పెద్ద మసీదు కట్టించింది. ఆ మసీదులో ఈ రోజుకీ ఐదు పూటలా నమాజు జరుగుతోంది. సొంతానికి కట్టుకున్నది అప్పుల కింద పోయింది, అల్లాహ్ పేరిట ఇచ్చింది నిలిచింది.

మహల్‌కు అసలు దెబ్బ 2012 జనవరిలో తగిలింది. ఖల్సా మహల్‌లో రాత్రి వేళ మంటలు లేచి పైకప్పు కూలింది. మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక ఉద్యోగి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. హుమాయూన్ మహల్ అప్పటికే చాలా కాలంగా శిథిలంగా పడి ఉంది.

కూల్చి కొత్తది కట్టడం సులువు. తమిళనాడు ప్రభుత్వం మాత్రం పాత గోడలను నిలబెట్టి, పాత పద్ధతిలోనే బాగుచేయించింది. సిమెంటు బదులు సున్నం వాడారు. దూలాల మీద సన్నని ఇటుకలు నిలువుగా పేర్చే మద్రాసు మిద్దెను మళ్లీ వేశారు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఖల్సా మహల్‌లోకి వచ్చింది. హుమాయూన్ మహల్ మరమ్మతు ఆ తర్వాత జరిగింది.

సున్నమే ఎందుకు? సున్నపు గోడ లోపలి తేమను బయటికి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. గోడ ఉబ్బి, పెచ్చులు ఊడి, ఇటుక పొడి అవుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఇది మరీ త్వరగా జరుగుతుంది. సముద్రానికి దూరమైనా, మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు సున్నంతో కట్టిన పాత గోడలకూ ఇదే వర్తిస్తుంది.

అందుకే దాతలకు మా మనవి. కొత్త గదికి చందా ఇస్తే పేరు రాతిపై కనిపిస్తుంది, మరమ్మతుకు ఇస్తే కనిపించదు. అయినా వానాకాలానికి ముందు మిద్దె మీది చెత్త తీయించడం, గోడలో మొలిచిన రావి మొక్క పీకించడం, పాత కరెంటు వైర్లు మార్పించడం చిన్న ఖర్చులే. వాటిని వాయిదా వేస్తే రేపు కోట్లు కావాలి. పాత మసీదుకో, దర్గాకో, ఈద్గాకో పని పెట్టేముందు సున్నపు పని తెలిసిన మేస్త్రీని ఒకసారి అడగండి. పత్రాలు, ఫోటోలు భద్రపరచండి. పెద్దలు మనకు అప్పగించిన అమానత్‌ను అలాగే మన పిల్లలకు అందిద్దాం, ఇన్‌షా అల్లాహ్.