మంచుకొండకు తగిన బూటు

ముదిగొండ ఎండలకు అలవాటుపడిన కాళ్లకు మంచుతో పనియేమని అడుగవచ్చును. నాటి ఖమ్మం జిల్లా చర్ల మండలానికి చెందిన గురుకుల విద్యార్థి సాధనపల్లి ఆనంద్‌కుమార్, నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు నెక్కి ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినారు.

ఆ యెత్తులలో బూటు అలంకారము కాదు, ప్రాణరక్ష. 1950లో అన్నపూర్ణ శిఖరమెక్కిన ఫ్రెంచివారు ఎర్జోగ్, లాషనాల్ మంచుకాటుకు కాలివ్రేళ్లన్నీ పోగొట్టుకొన్నారు. బూటు మరీ బిగువైనచో నెత్తురు సరిగా పారక ఆ ముప్పు పెరుగును.

అట్లని, రెండేళ్లు వచ్చునని పిల్లలకు మనము పెద్ద బూటు కొనునట్టి పొదుపు అక్కడ చెల్లదు; మడమ ఒరసి బొబ్బలెక్కును. మందపు మేజోళ్లు తొడిగి, లేసులు కట్టకముందు పాదము ముందుకు జరిపినచో మడమ వెనుక ఒక వేలు పట్టవలెను. కట్టిన పిమ్మట మడమ లేవరాదు. దిగుడులో వ్రేళ్లు ముందు కొట్టుకొనరాదు.

మంచుపై జారెడు స్కీ బూటుకు న్యాయము వేరు. నిటారుగా నిలిచినప్పుడు వ్రేళ్లు కొనను తాకీతాకనట్లుండి, మోకాళ్లు వంచగానే వెనుకకు జరుగవలెను. మోకాలి క్రింది ముందుభాగము బూటుకు ఆనవలెను. క్రొత్తవారికి సులువుగా వంగునదియు, బరువైనవారికి, ఆరితేరినవారికి గట్టిదియు తగును.

బూటు మీది అంకె దుకాణముది, పాదము మనది. పాదము మాటయే వినవలెను.