వెనక్కి రాని రంపం

చేతిరంపంతో పావుగంట పనిచేస్తే చాలు, పడ్డ కష్టంలో సగం వృథా అని భుజమే చెబుతుంది. ఒక ఊపులో పళ్లు చెక్కను కొరుకుతాయి. రెండో ఊపులో ఊరికే జారి వెనక్కి వస్తాయి. మా చిన్నతనంలో ఎవరైనా ఇల్లు మొదలుపెడితే ముందు మానులు కోయించేవారు. గుంజల మీదికి మానును ఏటవాలుగా ఎత్తి కట్టేవారు. పైన ఒకడు, కింద ఒకడు నిలబడి నిలువెత్తు రంపాన్ని రోజంతా లాగేవారు. గీత తప్పకుండా చూసుకునే బాధ్యత పైవాడిది, పొట్టు మింగే భాగ్యం కిందివాడిది.

ఇంగ్లండులో ఇదే పని గుంత తవ్వి చేసేవారు. యూరప్‌లో నీటిచక్రంతో నడిచే కోతమిల్లులు మధ్యయుగాల నుంచే ఉన్నాయి గానీ, వాటిలోనూ రంపం పైకీ కిందికీ ఆడేదే. ఆ తతంగం కాస్త విచిత్రంగా ఉంటుంది. నీళ్లు చక్రాన్ని గుండ్రంగా తిప్పుతాయి. ఆ తిరుగుడును క్రాంకుతో నిలువు ఊపులుగా మారుస్తారు. ఆ ఊపుల్లో మళ్లీ సగం వృథా చేస్తారు. చక్రం ఎదురుగానే తిరుగుతోంది, దాని అంచుకే పళ్లు పెడితే పోదా అన్న ఆలోచన కొన్ని వందల ఏళ్లు పనిలోకి రాలేదు. తట్టకపోవడం ఒక్కటే కారణం కాదు. పళ్లు తట్టుకునేంత గట్టిగా, వేగంగా తిప్పినా వణకనంత చదునుగా ఉన్న గుండ్రటి ఉక్కురేకు చేయడం ఆ రోజుల్లో మాటలు కాదు.

ఈ గుండ్రటి రంపం పుట్టుక గురించి అమెరికాలో ఒక కథ చెబుతారు. మసాచుసెట్స్‌లో షేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల ఊళ్లో టబితా బాబిట్ అనే నేతపని మహిళ ఉండేది. ఇద్దరు మగవాళ్లు రంపం లాగుతుంటే చూసి, వెనక్కి వచ్చే ఊపు దండగ కదా అనుకుందట. పళ్లున్న రేకును తన రాట్నానికి బిగించి 1813లో గుండ్రటి రంపం చేసిందట. షేకర్లు మామూలుగా పేటెంట్లు తీసుకునేవారు కాదు గనుక కాగితం ఏదీ లేదు. కథ బాగుంది, రాట్నం దగ్గర కూర్చున్న మనిషికే ఈ ఊహ రావడం మరీ బాగుంది. చిక్కల్లా తేదీతోనే. అప్పటికి 36 ఏళ్ల ముందే, 1777లో, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌కు చెందిన శామ్యూల్ మిల్లర్ తీసుకున్న పేటెంటులో గుండ్రటి రంపం ప్రస్తావన ఉంది. అదే ఊళ్లో వాల్టర్ టేలర్ అనే ఆయన నౌకాదళానికి చెక్క కప్పీలు చేసి అమ్మేవాడు, ఆయన మిల్లులోనూ ఈ రంపాలు తిరిగాయి. బాబిట్ తనంతట తాను మళ్లీ కనిపెట్టి ఉండొచ్చు. మొదటిది మాత్రం ఆమెది కాదు.

కప్పీలు అంటే చిన్న విషయం అనిపిస్తుంది. తెరచాపల యుద్ధనౌక ఒక్కదానికి దాదాపు వెయ్యి కావాలి. బ్రిటిష్ నౌకాదళానికి ఏటా లక్ష వరకూ పట్టేవి. ఆ అవసరం తీర్చడానికి పోర్ట్స్‌మత్ రేవులో మార్క్ బ్రూనెల్ గీసిన నమూనాలను హెన్రీ మాడ్‌స్లే యంత్రాలుగా మలిచాడు. మానును తుండ్లుగా నరికేది రంపాలు, ఆ తుండ్లకు తొలిచి చెక్కి కప్పీ రూపం ఇచ్చేది మిగతా యంత్రాలు. 1808 నాటికి ఆ 45 యంత్రాలు ఏడాదికి 1,30,000 కప్పీలు తయారుచేశాయి. 110 మంది నేర్పరులు చేసే పని, పెద్దగా నేర్పు లేని పదిమందితో సాగిపోయింది. మిగిలిన వందమంది ఏమయ్యారో చరిత్ర పుస్తకాలు అంతగా పట్టించుకోవు. బ్రూనెల్ మాత్రం అప్పులపాలై 1821లో జైలుకెళ్లాడు.

గుండ్రటి రంపంలో చూడగానే కనిపించని ఒక కిటుకుంది. పళ్లెం తిరిగేటప్పుడు అంచు అన్నిటికంటే ఎక్కువ దూరం పరుగెడుతుంది, కనుక అన్నిటికంటే ఎక్కువగా సాగుతుంది. కోత రాపిడికి వేడెక్కి మరికాస్త సాగుతుంది. నడిభాగం ఉన్నంతలోనే ఉంటుంది. ఇక ఆ పళ్లెం నూనెలో వేసిన అప్పడంలా అంచుల్లో అలలు తిరగాల్సిందే. అందుకని పెద్ద కోతమిల్లుల్లో రంపాలకు వైద్యం చేసే ప్రత్యేక పనివాళ్లుంటారు. వాళ్లు పళ్లెం నడుమ సుత్తితో సున్నితంగా కొట్టి ఉక్కును ముందుగానే కొంచెం వదులు చేస్తారు. ఆగి ఉన్నప్పుడు అది కాస్త లొడలొడలాడుతుంది, వేగం అందుకున్నాక అంచు సాగి చదునవుతుంది. ఇంట్లో వాడే చిన్న బ్లేడు అంచున సన్నటి చీలికలు కనిపిస్తాయి కదా, వేడికి సాగడానికి వదిలిన చోటు అది.

ఇరవయ్యో శతాబ్దంలో కరెంటు మోటారు వచ్చి ఈ రంపాన్ని మిల్లు నుంచి ఇంటి షెడ్డుకు తెచ్చింది. అమెరికాలో డెల్టా కంపెనీ 1939లో తెచ్చిన యూనిసా, బల్లను కాకుండా బ్లేడునే ఏటవాలుగా వంచే పద్ధతితో, బల్ల చీలికలోంచి బ్లేడు పైకి వచ్చే టేబుల్ సాకు ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చింది. పళ్ల కథ మాత్రం బల్బుల దగ్గర మొదలైంది. బల్బులోని టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగే అచ్చులకు వజ్రాలు వాడాల్సి వచ్చేది. వాటికి బదులుగా 1920లలో జర్మనీలో టంగ్‌స్టన్ కార్బైడు పొడిని కోబాల్టుతో కలిపి కాల్చి గట్టి పదార్థం చేశారు. క్రుప్ కంపెనీ దానికి పెట్టిన పేరు విడియా, జర్మన్‌లో 'వజ్రంలా' అనే మాటకు పొట్టిరూపం. ప్లైవుడ్‌లోని జిగురు మామూలు ఉక్కుపళ్లను చూస్తుండగానే మొండి చేసేస్తుంది, పళ్లకు అతికించిన కార్బైడు మొనలు మాత్రం తట్టుకుంటాయి. వాటి మీద ఆకురాయి పనిచేయదు, వజ్రపు రాయి కావాలి. సాయంత్రం పూట వడ్రంగి రంపాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒక్కో పన్నూ ఆకురాయితో రుద్దే చప్పుడు అలా అరుదైపోయింది.

ఇంతకీ ఆ వెనక్కి వచ్చే ఊపు ఏమైంది? పోలేదు. పళ్లెం వెనక సగంలో దాక్కుంది.

టేబుల్ సాలో మనవైపున్న పళ్లు పైనుంచి కిందికి దిగుతాయి, చెక్కను బల్లకు అదిమి కోస్తాయి. అదే పళ్లు అవతలి వైపున కింద నుంచి పైకి లేచి, బ్లేడు నెత్తి మీదుగా మనవైపే వస్తాయి. చేతిరంపం తిరుగు ఊపు వృథా, అంతే. చక్రం తిరుగు ఊపు మాత్రం ప్రమాదం. కోసిన చెక్క ఆ వెనక పళ్లకు తగిలిందో, అవి దాన్ని ఎత్తి మన మీదికి విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పంటి వేగం సెకనుకు 53 మీటర్లు, అంటే గంటకు 190 కిలోమీటర్లు. 2003 ప్రపంచకప్పులో షోయబ్ అక్తర్ వేసిన అతి వేగవంతమైన బంతి 161.3. ఇక్కడ వచ్చేది బంతి కాదు, టేకు పట్టీ. చెక్క అలా ఎగిరిపోగానే, దాన్ని నెడుతున్న చెయ్యి ఆసరా తప్పి బ్లేడు మీదికే తూలుతుంది.

చెక్క వెనక పళ్లకు ఎందుకు తగులుతుంది? సగం తప్పు చెట్టుది. గాలికి వంగి పెరిగిన మానులో, సమంగా ఆరని పలకలో లోపల బిగువులు ఉండిపోతాయి. నిలువునా చీల్చగానే ఆ బిగువు వదులై రెండు ముక్కలూ విచ్చుకుంటాయి, లేదా దగ్గరకొచ్చి బ్లేడును కరుచుకుంటాయి. మిగతా సగం మనది. చెక్కను ఫెన్స్ అనే పక్క ఆసరా పట్టీకి ఆనించకుండా వదిలేస్తాం, లేదా ఫెన్స్ వెనక కొస బ్లేడువైపు వాలి ఉన్నా చూసుకోం.

మా షెడ్డులో పాత టేబుల్ సా ఒకటుంది. బ్లేడు వెనక నిలబడే రేకును అడ్డమని నేనే తీసి అటక మీద పెట్టాను. ఒకరోజు వేప పట్టీ చీలుస్తుంటే చప్పుడు మారింది. అంతే నాకు తెలిసింది. తర్వాత చూస్తే పట్టీ నా వెనక గోడకున్న రేకులో దిగి ఉంది. నేను బ్లేడుకు ఎదురుగా కాకుండా కాస్త ఎడంగా నిలబడ్డాను గనుక ఇది రాస్తున్నాను. ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని అటకెక్కాను.

అటక మీంచి దించిన ఆ రేకు పేరు రైవింగ్ నైఫ్. కోత గాడి కంటే పిసరంత పలచన, బ్లేడు రేకు కంటే పిసరంత మందం. బ్లేడుతో పాటే లేస్తుంది, దిగుతుంది, చెక్క ముక్కలు మూసుకోకుండా వాటి మధ్య నిలబడుతుంది. కదలదు, తిరగదు, కరెంటు అక్కర్లేదు. యూరప్‌లో ఏనాడో తప్పనిసరైన ఇది అమెరికా యంత్రాల్లోకి 2000 దశకం చివర్లో గానీ రాలేదు. రెండు శతాబ్దాల ఈ యంత్ర చరిత్రలో నా ఓటు మోటారుకు కాదు, కార్బైడుకు కాదు, ఈ రేకుముక్కకే.

యంత్రాన్ని సంరక్షించడంలోనూ సింహభాగం ఆ వెనక సగాన్ని అదుపులో పెట్టడమే. ముందు ప్లగ్గు పీకేయండి. బ్లేడులో ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, బల్లలోని గాడి నుంచి ఆ పంటికి ఎంత దూరమో కొలవండి. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒక్కటే కావాలి. తేడా మిల్లీమీటరులో పదోవంతు దాటితే బిగింపులు సరిచేయాలి. వేరే పన్నును కొలిస్తే లెక్క చెడుతుంది, ఎందుకంటే ఏ రెండు పళ్లూ అచ్చంగా ఒకే వరసలో ఉండవు. తర్వాత ఫెన్స్‌ను ఆ గాడికి సమాంతరంగా బిగించండి. కోసిన అంచు నల్లగా కమిలిందంటే ఈ కొలతలు తప్పాయని, లేదా పళ్లు మొండివయ్యాయని అర్థం. అలా కమలడానికి ఒక్కోసారి బ్లేడుకు పట్టిన చెట్టు జిగురే కారణం. కిరోసిన్‌లో కాసేపు నాననిచ్చి పాత టూత్‌బ్రష్‌తో తోమి, పూర్తిగా ఆరాకే బిగిస్తే కొత్త బ్లేడు కొన్నంత తేడా కనిపిస్తుంది. కార్బైడు గట్టిదే గానీ పెళుసు, బ్లేడు తీసి ఇనుప బల్ల మీద టపీమని పెట్టొద్దు. పోత ఇనుము బల్లకు విశాఖ, కాకినాడ గాలిలో తుప్పు పట్టడానికి ఒక వానాకాలం చాలు. మైనం పూసి తుడిస్తే తుప్పూ రాదు, చెక్కా నునుపుగా జారుతుంది.

నిలువు చీలికకు 24 పళ్ల బ్లేడు, అడ్డకోతకు, ప్లైవుడ్‌కు 60, 80 పళ్లది వాడాలి. నిలువు కోతలో పొడవాటి పీచు ఊడివస్తుంది, దానికి పళ్ల మధ్య చోటు కావాలి. అన్నిటికీ ఒకే బ్లేడుతో నెట్టుకొస్తే చెయ్యి బలంగా తోయాల్సి వస్తుంది. బలంగా తోసే చెయ్యే తూలుతుంది. చేతి తొడుగులు వేసుకోకండి, పన్ను అంచు పట్టిందంటే చేతిని కూడా లాక్కుపోతుంది. ముక్కుకు మాస్కు మాత్రం మరవొద్దు. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1995లోనే తేల్చింది.

ఇన్ని చేసినా వేలు బ్లేడుకు తగలదని హామీ లేదు. అమెరికాలో ఏటా 30,000 పైచిలుకు టేబుల్ సా గాయాలు ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వస్తాయని అక్కడి భద్రతా కమిషన్ లెక్క. 1999లో స్టీవ్ గ్యాస్ అనే పేటెంటు లాయరుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయన భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసినవాడు. బ్లేడులోకి సన్నటి విద్యుత్ సంకేతం పంపిస్తే, ఎండు చెక్క దాన్ని కదిలించదు. నీరూ ఉప్పూ నిండిన మనిషి ఒళ్లు తగిలితే మాత్రం అందులో కొంత లాగేసుకుంటుంది. సంకేతం పడిపోగానే ఒక సన్నటి తీగ కాలిపోతుంది, అది పట్టి ఉంచిన స్ప్రింగు వదులవుతుంది, అల్యూమినియం దిమ్మ బ్లేడు పళ్లలోకి దూసుకుపోతుంది. ఇదంతా 5 మిల్లీసెకన్ల లోపే, అంటే బ్లేడు మూడోవంతు చుట్టు తిరిగేలోగా. మొదట సాసేజిని పెట్టి చూపించాడు, తర్వాత తన వేలే పెట్టాడు. పెద్ద కంపెనీలు ముందుకు రాకపోతే సాస్టాప్ పేరుతో తానే యంత్రాలు చేయించి 2004 నుంచి అమ్మాడు. బాష్ కంపెనీ తన పద్ధతిలో ఒకటి తెస్తే పేటెంటు వ్యాజ్యం వేసి అమెరికా మార్కెట్లో ఆపించాడు కూడా. వేళ్లు కాపాడినవాడే పక్కవాడి యంత్రాన్ని ఆపించడం నాకు మింగుడుపడదు.

మన దగ్గర ఇళ్లలో ఇంటీరియర్ పనులు జరిగే చోట కనిపించే టేబుల్ సా వేరు. పాలరాయి కోయడానికి చేసిన 4 అంగుళాల కట్టర్‌ను తలకిందులు చేసి ప్లైవుడ్ పలక కింద మరలతో బిగిస్తారు, బ్లేడు చీలికలోంచి పైకి తొంగిచూస్తుంది. ఖాళీగా తిరిగితే నిమిషానికి 13,000 చుట్ల దాకా పోతుంది, పంటి వేగం గంటకు దాదాపు 250 కిలోమీటర్లు. ఆగకుండా తిరగడానికి స్విచ్చును నొక్కి లాక్ చేస్తారు, ఆ స్విచ్చు పలక కింద ఉంటుంది. బ్లేడు మీద ఉండాల్సిన గార్డు ఏదని మా వీధిలో పనిచేస్తున్న మేస్త్రీని అడిగితే, "గార్డుంటే గీత కనపడదు సార్" అన్నాడు. అబద్ధం కాదు. మానుపై నిలబడ్డవాడికీ గీతే ముఖ్యం కదా.

మీ ఇంట్లో వడ్రంగం జరుగుతుంటే కాఫీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ పలక వంక ఒకసారి చూడండి. బ్లేడు వెనక రేకు లేకపోతే సరైన యంత్రం తెప్పించమనండి, అదనంగా అయ్యే అద్దె మీరే భరించండి. ఆ సంగతి బేరం కుదిరే రోజునే మాట్లాడుకోండి.