కాలువ గట్ల మీద పుట్టిన రాష్ట్రం
తెనాలి, బాపట్ల, రేపల్లె: తొలినాళ్ల ఆంధ్రను బతికించిన మనుషుల కథ

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పుట్టింది. కర్నూలు రాజధాని, టంగుటూరి ప్రకాశం తొలి ముఖ్యమంత్రి. అంతకు దాదాపు పది నెలల ముందు, 1952 డిసెంబరు 15 రాత్రి, మద్రాసులో పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలోనే కన్నుమూశారు. ఇంతవరకూ బడిపిల్లలకైనా తెలిసిన చరిత్రే. ఆ రాష్ట్రాన్ని కోరుకున్నవాళ్లు ఎవరు, ఏం పని చేసుకుని బతికారు, ఏం రాశారు, సాయంత్రాలు ఏ నాటకాలకు పోయారు అని అడిగితే మాత్రం కృష్ణా పశ్చిమ డెల్టాకు రావాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్నాల్లో ఏ కూడలిలో నిలబడి వాకబు చేసినా అలాంటి మనిషి పేరు ఒకటి దొరుకుతుంది.

కథ నీటితో మొదలవుతుంది. విజయవాడ దగ్గర కృష్ణ మీద 1,132 మీటర్ల పొడవున ఆనకట్ట కట్టడం 1855లో పూర్తయింది. అక్కడి నుంచి పడమటి గట్టు కాలువలు దుగ్గిరాల మీదుగా తెనాలికి, రేపల్లె వైపుకు, బాపట్ల వైపుకు చీలాయి. దుగ్గిరాల దగ్గర బయల్దేరే కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు పారి పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. అంటే తెనాలి ప్రాంతపు ధాన్యం పడవెక్కితే మద్రాసు దాకా పోయేది. 1899లో విజయవాడ, గూడూరు మధ్య రైలు నడిచింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు మరో పట్టాల దారి పడింది. పంట నిలిచింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. పిల్లలు హైస్కూలు మెట్లెక్కారు. వకీళ్లు, పండితులు, నాటక సమాజాలు, అచ్చుయంత్రాలు వచ్చాయి. ఊరుకాని ఊరి నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లకూ ఇక్కడ చోటు దొరికింది.

బాపట్ల: కోరిక పలికిన చోటు

1913 మే నెల ఎండల్లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు బయ్యా నరసింహేశ్వర శర్మ. మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల పెద్దలు ఒకచోట కూర్చుని, తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలా వద్దా అని చర్చించుకున్నది ఇక్కడే. అందరూ ఒక్కమాట మీద లేరు. ఇప్పుడే తొందరెందుకన్న వాళ్లున్నారు, రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ఏం మిగులుతుందని సందేహించినవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ ఏడు తీర్మానాన్ని ఆపి, ముందు జనంలోకి వెళ్లి అభిప్రాయం కూడగట్టాలని నిర్ణయించారు. మరుసటి ఏడు విజయవాడ సభలో తీర్మానం నెగ్గింది. ఆ తర్వాత రాష్ట్రం రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. ఎదుటివాడి అనుమానాన్ని కాదనకుండా విని, కోరికను వాయిదా వేసుకోగలిగిన ఆ సభ పెద్దరికం ఈనాటికీ తలుచుకోదగ్గది.

ఆ సభ జరిగేనాటికి బాపట్లలో పుట్టిన కనుపర్తి వరలక్ష్మమ్మకు పదహారేళ్లు. 1896లో పుట్టిన ఆమె పెద్ద చదువులు చదవలేదు. అయినా ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ పేరిట స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టుగా రాసి, ఆడపిల్లల చదువు, పెళ్లి వయసు, ఖద్దరు, ఆస్తి హక్కు వంటి సంగతులన్నీ వంటింటి గడప దాకా తెచ్చారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత చేతిపనుల మీద బతికే కుటుంబాలు ఎలా చితికిపోయాయో 1924లోనే ‘కుటీరలక్ష్మి’ కథలో చూపించారు. 1931లో బాపట్లలో స్త్రీహితైషిణీ మండలి స్థాపించారు. సభల్లో మగవాళ్లు రాష్ట్రం గురించి మాట్లాడుతున్న రోజుల్లో, ఆ రాష్ట్రంలో ఆడవాళ్లు ఎలా బతకాలో ఆలోచించి పెట్టిన మనిషి ఆమె.

అదే బాపట్లలో 1902లో స్థానం నరసింహారావు పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. 1920లో బాపట్లలో ‘హరిశ్చంద్ర’ నాటకానికి చంద్రమతి వేషం వేయవలసినవారు రాకపోతే, ఈ పద్దెనిమిదేళ్ల కుర్రవాడు చీర కట్టుకుని రంగం మీదికి వచ్చాడు. ఆ తర్వాత తెనాలి రామవిలాస సభలో చేరి సత్యభామగా, రోషనారగా, చింతామణిగా, మధురవాణిగా తెలుగునాడంతా తిరిగారు. ఆయన గొప్పతనం ముస్తాబులో లేదని చూసినవాళ్లు చెబుతారు. సత్యభామ నడక మధురవాణి నడక కాదు. చీరకట్టు, చూపు, మాట విరుపు, చేయి కదిపే తీరు పాత్రపాత్రకూ మారేవి. రాణి తల ఎత్తే ఎత్తు వేరు, వేశ్య తల వంచే వంపు వేరు. 1956లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడే, ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

తెనాలి: రాత్రి చదివే ఊరు

స్థానం వారి వెంట మనమూ తెనాలికి వద్దాం. ఊరిని చీల్చుకుంటూ మూడు కాలువలు పారతాయి. ‘ఆంధ్రా ప్యారిస్’ అని ఈ ఊరివాళ్లు మురిపెంగా చెప్పుకుంటారు. ఆ మురిపెం ఉత్తదేమీ కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ సినిమానే తీసుకోండి. కథ చలానిది, ఆయన బాల్యం గడిచింది తెనాలిలో. నాయిక కాంచనమాల తెనాలికి చెందినవారు. సుందరరామశాస్త్రి పాత్ర వేసిన గోవిందరాజుల సుబ్బారావు తెనాలిలో వైద్యం చేస్తూ రామవిలాస సభలో నాటకాలాడినవారు. అంటరానితనం మీద గురిపెట్టిన సినిమాలో ఒక్క తాలూకా కేంద్రం మనుషులు ఇంతమంది ఉండటం కాకతాళీయం అనిపించదు. ఊరి గాలి అలాంటిది.

ఆ గాలికి కారణమైనవారిలో త్రిపురనేని రామస్వామి చౌదరి పేరు ముందుంటుంది. డబ్లిన్‌లో బారిస్టరు చదివి వచ్చి తెనాలిలో స్థిరపడ్డారు. ‘సూతాశ్రమం’ అని ఇంటికి పేరు పెట్టుకున్నారు. మునిసిపల్ చైర్మన్‌గా ఉంటూ గంగానమ్మకు జంతుబలి ఆపించబోయి పదవి మీదికి తెచ్చుకున్నారు. అయినా వెనక్కి తగ్గలేదు. పెళ్లి మంత్రాలు పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ అర్థం కావాలని తెలుగులో ‘వివాహవిధి’ రాసి, తానే పెళ్లిళ్లు జరిపించారు. ఆయన కొడుకు గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ రాసి తండ్రి నేర్పిన ‘ఎందుకు?’ అనే ప్రశ్నను మనిషి లోపలికి తిప్పారు. ఇదే ఊళ్లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి ఇద్దరూ మద్రాసు చేరి, ఒకరు 1952 నుంచి 1980లో పోయేవరకూ ‘చందమామ’కు అక్షరం అక్షరం దిద్దారు, మరొకరు నాగిరెడ్డితో కలిసి 1947 జులైలో ఆ పత్రికనే పుట్టించారు. కొత్త రాష్ట్రంలో పెరిగిన పిల్లలకు సులువైన, నిండైన తెలుగు వాక్యం అలవాటైందంటే అందులో తెనాలి వాటా పెద్దది.

పేరున్నవాళ్ల సంగతి సరే. తెనాలి రణరంగ చౌక్‌లో మరో ఏడు పేర్లు ఉన్నాయి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా పిలుపు విని జనం రైల్వేస్టేషన్ మీదికి వెళ్లారు. స్టేషన్ తగలబడింది. పోలీసులు కాల్పులు జరిపారు. మాజేటి సుబ్బారావు, శ్రీగిరి లింగం, తమ్మినేని సుబ్బారెడ్డి, గాలి రామకోటయ్య, ప్రయాగ రాఘవయ్య, జాస్తి అప్పయ్య, భాస్కరుని లక్ష్మీనారాయణ ప్రాణాలు విడిచారు. ఇంటిపేర్లు చూడండి, ఒక కులంవాళ్లు కారు, ఒక పేటవాళ్లు కారు. పుస్తకాలు రాసినవారు, పదవులు చేసినవారు కాదు. వారి జ్ఞాపకార్థం నిలిపిన స్తూపాల దగ్గర ఊరివాళ్లు ఏటా ఆగస్టు 12న పూలదండలు వేస్తారు.

ఇక తెనాలి వచ్చినవాళ్లు తప్పక తెలుసుకోవలసిన మనిషి ఎస్. నటరాజన్. 1924లో తమిళనాడులోని పుదుక్కోటలో పుట్టాడు. 1937లో తండ్రి చేయిపట్టుకుని తెనాలి వచ్చేనాటికి తెలుగు ఒక్క ముక్క రాదు. కొద్దికాలానికే తండ్రి పోయాడు. కుర్రవాడు హోటల్లో సర్వర్‌గా కుదిరాడు. బల్లలు తుడిచి, ఇడ్లీలు అందించి, ఎంగిలి ప్లేట్లు తీసిన చేతులతోనే తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. పత్రికలు దొరికితే చదివాడు, చదివింది మిత్రులతో వాదించాడు. ‘శారద’ అనే కలం పేరుతో కథలు, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ వంటి నవలలు రాశాడు. బాపట్లలో వరలక్ష్మమ్మ ఉత్తరాల మీద ఉన్న పేరే తెనాలి హోటల్ కార్మికుడి కథల మీద కూడా ఉండటం ఈ నేలమీది చిన్న వింత.

శారద పుస్తకాల్లో చిన్న పట్నం ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. డబ్బు చుట్టూ తిరిగే బంధాలు, పరువు కోసం ఆడే అబద్ధాలు, కూలి దొరకని పూట. మూర్ఛవ్యాధి ఆయన్ను వదల్లేదు, పేదరికం అంతకన్నా వదల్లేదు. 1955 ఆగస్టు 17న, ముప్పై ఒకటో ఏట, తెనాలిలోనే పోయాడు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రానికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆయనలాగే హోటల్లో పనిచేసి రచయితగా, అనువాదకుడిగా ఎదిగిన మిత్రుడు ఆలూరి భుజంగరావు తర్వాత ఆయన జీవితాన్ని ‘సాహిత్య బాటసారి శారద’గా రాసిపెట్టారు. భాష పేరిట ఏర్పడిన రాష్ట్రానికి, ఆ భాషను పుట్టుకతో కాక ప్రేమతో సంపాదించుకున్న ఒక తమిళ కుర్రవాడు ఇచ్చిన కానుక ఈ నవలలు.

రేపల్లె: పట్టాలు ఆగేచోటు

తెనాలి నుంచి రేపల్లెకు 34 కిలోమీటర్లు. రైలు వరిపొలాల మధ్య నుంచి నింపాదిగా వెళ్తుంది. దారిలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి బౌద్ధస్తూపాన్ని తవ్వి రాతి కరండాలు బయటపెట్టాడు. వాటి మీది రాతలో కుబీరకుడనే రాజు పేరు కనిపిస్తుంది. రెండువేల ఏళ్ల కిందటే ఈ నేల మీద రాతకోతలు వచ్చినవాళ్లు ఉన్నారు. ఇదే ప్రాంతంలో యలవర్రు అనే పల్లె. తోలు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ 1922లో అక్కడ పుట్టారు. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థను ప్రపంచం గుర్తించే స్థాయికి తెచ్చి, ఆ శాస్త్రాన్ని పల్లెటూరి తోలు పనివారి చేతికి అందించాలని తపించారు. 1985లో కనిష్క విమానం పేలుడులో ఆయన్ను పోగొట్టుకున్నాం.

రేపల్లె తాలూకా కావూరులో 1901లో పుట్టిన తుమ్మల సీతారామమూర్తి రైతుబిడ్డ, బడిలో తెలుగు పండితుడు. ‘పఱిగపంట’, ‘పైరపంట’ అని తన పుస్తకాలకు పొలం పేర్లే పెట్టుకున్నారు. రాష్ట్రం ఇంకా రాకమునుపే దానికోసం ‘రాష్ట్రగానం’ పాడారు. గాంధీ కథను పద్యాల్లో చెప్పిన ‘మహాత్మకథ’కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. సభల తీర్మానాలు చేరని పల్లెలకు రాష్ట్రమనే మాట ఇలాంటి పండితుల నోట పద్యమై చేరింది.

రేపల్లె దాటి పెనుమూడి రేవుకు వెళితే కృష్ణ సముద్రానికి దగ్గరపడి విశాలంగా కనిపిస్తుంది. అవతల దివిసీమ. ఇప్పుడు పులిగడ్డకు వంతెన ఉంది. ఒకప్పుడు పడవవాడి పిలుపే ఆధారం. పెళ్లివారు, ధాన్యం బస్తాలు, పశువులు అన్నీ నీటి మీదే దాటేవి.

కొత్త రాష్ట్రం ఏం ఇచ్చింది?

రాష్ట్రం వచ్చిన ఏడాదిలోపే, 1954 జులైలో, గుంటూరులో హైకోర్టు తెరిచారు. దావా నెగ్గినా ఓడినా ఇక్కడి కక్షిదారుకు మద్రాసు ప్రయాణం తప్పింది. అంతకన్నా పెద్ద పని నది మీద జరిగింది. 1952లో వందేళ్ల నాటి ఆనకట్టకు గండిపడి డెల్టా రైతు గుండె జారిపోయింది. దాని స్థానంలో 1,223 మీటర్ల బ్యారేజీ 1957లో పూర్తయింది. ఆ ఏడు మేలో కన్నుమూసిన ప్రకాశం పంతులు పేరే దానికి పెట్టారు.

బాపట్లలో 1945లోనే మొదలైన వ్యవసాయ కళాశాల కొత్త రాష్ట్రానికి సిద్ధంగా అందివచ్చిన ఆస్తి. పొలంలోనే పాఠం నేర్పే ఆ చదువుల చోటు నుంచి తర్వాతి కాలంలో ఒక వరివంగడం వచ్చింది. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే మన సాంబమసూరి. ‘బీపీటీ’ అంటే బాపట్లే. సన్నబియ్యం వండుకునే లక్షల ఇళ్లలో ఈ ఊరి పేరు రోజూ కుండలో ఉడుకుతోంది.

తెనాలి చేతులూ ఊరికే లేవు. ఊరూరా కూడళ్లలో కనిపించే నాయకుల విగ్రహాలు ఎన్నో ఇక్కడి శిల్పశాలల్లో తయారయ్యాయి. ముందు మట్టితో ముఖం మలుస్తారు. ముక్కు, కనుబొమ్మ, నవ్వు కుదిరాక అచ్చు తీసి కంచులోనో ఫైబర్‌లోనో పోస్తారు. పాత ఇనుప సామాను, వాహనాల విడిభాగాలు అతికించి నిలువెత్తు బొమ్మలు చేసే నేర్పరులూ ఉన్నారు.

చూడాలనుకునేవారికి దారి తేలిక. తెనాలి జంక్షన్ విజయవాడ నుంచి రైల్లో 32 కిలోమీటర్లు, గుంటూరు నుంచి సుమారు 25. చెన్నై వెళ్లే ప్రధాన మార్గంలో తెనాలి తర్వాత 40 కిలోమీటర్లకు కొద్దిగా పైన బాపట్ల. అక్కడ భావనారాయణస్వామి ఆలయం, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక తీరం చూడవచ్చు. రేపల్లెకు తెనాలిలో రైలు మారాలి, బస్సులూ ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలో చేరింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. వరి పచ్చగా ఉండే చలికాలం ఈ ప్రయాణానికి అనువైన సమయం.

జిల్లాలు విడిపోయినా ఈ మనుషుల్ని విడదీసి చదవలేం. మూడు పట్నాల గ్రంథాలయాల్లోనూ ఒక అర వీరికోసం కేటాయించాలి. వరలక్ష్మమ్మ లేఖల పక్కన శారద నవలలు, తుమ్మల పద్యాల పక్కన త్రిపురనేని వివాహవిధి, రణరంగ చౌక్ అమరుల వివరాలు ఉండాలి. ఇక్కడి హైస్కూలు పిల్లలు ఆ అరను ఒక వేసవిలో చదివేయగలరు. రాష్ట్రావతరణ దినాన జెండా ఎగరేసి ఉపన్యాసాలు విన్నదానికన్నా తమ రాష్ట్రం ఎవరి చెమటతో, ఎవరి మాటతో నిలబడిందో వాళ్లకు బాగా తెలుస్తుంది.